చేతికి అయిదు మార్కులు

ఒక సమాజం ఏ శ్రమను గౌరవిస్తున్నదో, ఏ శ్రమను ఈసడిస్తున్నదో తెలుసుకోదలచినవారు ఆ సమాజపు పాఠ్యగ్రంథాలు తిరగవేయనక్కరలేదు. పాఠ్యగ్రంథాలలో అన్ని వృత్తులకూ సమాన గౌరవమే ఉంటుంది. కుమ్మరి సారె మీద ఒక గేయం, సాలెవాని మగ్గం మీద ఒక పాఠం, నాగలి మీద ఒక బొమ్మ. చూడవలసినది పరీక్షాపత్రం. దేనికి మార్కులున్నవో అది బడిలో జరుగుతుంది. దేనికి మార్కులు లేవో దానికి గోడ మీద ఒక సూక్తి మిగులుతుంది.

నేను సిద్దిపేట ప్రాంతంలో ఉన్నత పాఠశాల తరగతులకు పాఠం చెప్పేవాణ్ణి. మా బెంచీల మీద కూర్చునే పిల్లల్లో సాలెవారి బిడ్డలున్నారు, వడ్రంగుల బిడ్డలున్నారు, బీడీలు చుట్టే తల్లుల బిడ్డలున్నారు, కాలిపోయిన బోరుమోటార్లకు తీగ చుట్టే మెకానిక్కుల బిడ్డలున్నారు. వీళ్ల ఇళ్లలో రూపకల్పన అనేది, సాంకేతిక పరిజ్ఞానం అనేది పొద్దున లేస్తే కనిపించే వ్యవహారం. వీళ్లు బడిలో అడుగుపెట్టగానే అది మాయమైపోతుంది. ఇది ఎట్లా జరుగుతున్నది, ఎవరికోసం జరుగుతున్నది, దీన్ని ఎదుర్కోవలసిన మనం, అనగా అభ్యుదయవాదులమని చెప్పుకునే ఉపాధ్యాయులమూ విద్యార్థులమూ, ఎందుకు మౌనంగా ఉన్నాము అన్నదే ఈ వ్యాసానికి విషయం.

ముందుగా మన కళ్లెదుట ఉన్నదాన్ని చూద్దాం. సిద్దిపేట పేరును దూరదేశాలకు మోసుకుపోయినది గొల్లభామ చీర. తలమీద కుండ పెట్టుకొని నడిచే ఆ భామను నేతగాడు పడుగు మీద అదనపు పేకపోగులు చేర్చి, పోగు పోగు లెక్కించి దించుతాడు. బొమ్మ నడుము వంపు తిరిగేచోట ఎన్ని పోగులు పట్టాలి, ఎన్ని వదలాలి? వంపు అన్నది నిలువు గీతలు, అడ్డ గీతలు తప్ప మరేమీ లేని గుడ్డమీద ఎట్లా సాధ్యం? ఇది గళ్ల కాగితం మీద మేము చెప్పే గణితమే. ఇక ఇదే జిల్లాలోని చేర్యాలకు పోండి. అక్కడి నకాషీ చిత్రకారులు ఖాదీగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టుజిగురు కలిపిన పూతలు పట్టించి, ఆరబెట్టి, చుట్టచుట్టినా పగుళ్లివ్వని పటంగా మారుస్తారు. అది రసాయనశాస్త్రం. కథకుడు పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ కథ చెబుతాడు కనుక బొమ్మల వరుస కథావరుసకు లోబడి ఉండాలి. దూరాన కూర్చున్నవాడికి సైతం ఆనవాలు పట్టేటట్లు ఎర్రని నేలమీద ఆకారాలు తేరిపారి ఉండాలి. వాడేవాడి అవసరాన్ని బట్టి వస్తువును నిర్ణయించటం అంటే ఇదే. విదేశాలలో దీనినే రూపకల్పన అని పేరుపెట్టి కళాశాలల్లో నేర్పుతున్నారు. మన దగ్గర దీనికి 'చేతివృత్తి' అని పేరు. ఆ మాటలోనే తల లేదని తీర్పు చెప్పేశారు.

ఇప్పుడు బడిలోని లెక్క చూద్దాం. 2014-15 నుంచి పదవ తరగతి పరీక్షకు నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. దాని ప్రకారం నూటికి ఎనభై మార్కులు రాతపరీక్షకు, ఇరవై మార్కులు బడిలో జరిపే నిర్మాణాత్మక మూల్యాంకనానికి. ఆ ఇరవైని నాలుగు భాగాలు చేశారు: పిల్లల భాగస్వామ్యం, రాతపని, ప్రాజెక్టు పని, స్లిప్ టెస్టు. ఒక్కొక్కదానికి అయిదు. కనుక నూరు మార్కుల చదువులో పిల్లవాని చెయ్యి కదలటానికి దక్కిన వాటా ఆ అయిదే. 'పని, కంప్యూటరు విద్య' అని సహపాఠ్య విషయం ఒకటి వేరే ఉన్నది. దానికి బడిలోనే ఒక గ్రేడు వేస్తారు. ఆ గ్రేడును చూసి ఏ కళాశాలా సీటు ఇవ్వలేదు, ఏ తండ్రీ బిడ్డను మందలించలేదు.

మరి ఆ అయిదు మార్కులు ఎట్లా వస్తున్నవి? స్టేషనరీ దుకాణంలో సౌరకుటుంబం దొరుకుతుంది, జలచక్రం దొరుకుతుంది, రంగులు పూసిన గుండెకాయ దొరుకుతుంది. కొని, థర్మోకోలు అట్టమీద అతికించి, మెరుపు అక్షరాలతో పేరు రాసి తెచ్చినవానికి అయిదు వస్తాయి. దుకాణానికి డబ్బు పెట్టలేని పిల్ల చెరువుమట్టితో, పాత సైకిలు చువ్వలతో తానే చేసుకొచ్చినది వంకరగా ఉంటుంది. దానికి మూడు. శ్రమపడ్డదానికి మూడు, కొన్నదానికి అయిదు! సరుకు విలువను గురించి బజారు నేర్పే పాఠాన్ని ఇంతకంటె స్పష్టంగా ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేదు. ఇది ఏ ఒక్క బడి కథా కాదు, ఏ ఒక్క ఉపాధ్యాయుని దోషమూ కాదు. పనిచేయించే గది లేదు, సాధనం లేదు, పిల్లవాడు పనిచేస్తూ ఉండగా చూసే గంట టైంటేబులులో లేదు. పని కనిపించకుండా చేసి పనికి మార్కులు వేయమంటే ఉపాధ్యాయుడు వేయగలిగేది మెరుపు అక్షరాలకే.

2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ ఇరవై మార్కులనూ ఎత్తివేసి నూటికి నూరూ రాతపరీక్షకే ఇస్తున్నామని ప్రకటించింది. మరునాడే ఆ ఏటికి వద్దని వెనక్కు తగ్గింది. ప్రైవేటు బడులు తమ పిల్లలకు తామే మార్కులు దండిగా కుమ్మరించుకుంటున్నవని వాదన. ఆ వాదనలో నిజం లేదని నేను అనను. కాని దొంగ తూకం పడుతున్నదని తెలిసినప్పుడు తూనికరాళ్లు సరిచూసేవారిని పంపుతారా, త్రాసును విరిచి పారవేస్తారా? రాయటం తప్ప మరేదీ కొలవదగినది కాదని తేల్చివేస్తే రాతగాళ్ల బిడ్డలకు తప్ప మరెవరికి లాభం?

ఈ రోగం నిన్న మొన్నటిది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన జరిగిన విద్యా సదస్సు ఒక చేతివృత్తిని కేంద్రంగా పెట్టుకొని చదువంతా సాగాలన్నది. జాకీర్ హుసేన్ సంఘం దానికి పాఠ్యప్రణాళిక తయారుచేసింది. 1952-53లో మొదలియార్ సంఘం మాధ్యమిక పాఠశాలలో ప్రతి విద్యార్థీ ఒక చేతిపని నేర్చితీరాలని, సాంకేతిక, వ్యావసాయిక, వాణిజ్య శాఖలన్నీ ఒకే కప్పు క్రింద ఉండే బహుళార్థసాధక పాఠశాలలు కావాలని సిఫార్సు చేసింది. సిద్దిపేటలో 'మల్టీపర్పస్ హైస్కూలు' అన్న పేరు నేటికీ ప్రతి నోటా వినిపిస్తుంది. ఆ పేరులోని మొదటి మాట ఎక్కడనుంచి వచ్చిందో నేటి విద్యార్థులలో ఎందరికి తెలుసు? అది ఆనాటి విద్యా సంస్కరణల భాషనుంచి మిగిలిన మాట. దేశమంతటా ఆ సంస్కరణ పోయింది, పేరు నిలిచింది. 1964-66 కొఠారీ సంఘం 'పని అనుభవం' అన్నది. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ సంఘం 'సామాజికోపయోగ ఉత్పాదక శ్రమ' అన్నది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రానికి అనిల్ సద్గోపాల్ నాయకత్వంలోని బృందం 'పని, విద్య' అని ఆధారపత్రం రాసింది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలను పుస్తకాల సంచి లేకుండా పదిరోజులు వడ్రంగుల దగ్గరికీ, తోటమాలుల దగ్గరికీ పంపమన్నది. ఎనభై ఏళ్లకు పైబడిన ఈ చరిత్రలో పేరు అరడజనుసార్లు మారింది. మారనివి రెండే: పరీక్షాపత్రం ఒకటి, పని నేర్పే ఉపాధ్యాయుని స్థితి రెండవది.

ఆ రెండవదాని సంగతి కొంచెం వివరంగా చూడండి. 2009 విద్యాహక్కు చట్టపు షెడ్యూలులో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు గణితానికీ, సామాన్యశాస్త్రానికీ, సాంఘికశాస్త్రానికీ, భాషలకూ ఉపాధ్యాయులుండాలని ఉన్నది. నూరుమందికి మించి పిల్లలున్నచోట చిత్రకళకూ, వ్యాయామానికీ, పని విద్యకూ కూడా మనుషులు ఉండాలట, అయితే 'పార్ట్‌టైము'! తలకు పూర్తికాలపు గురువు, చేతికి అరకాలపు గురువు. మన రాష్ట్రంలో 2024లో భర్తీకి ప్రకటించిన ఉపాధ్యాయ ఉద్యోగాలు 11,062. అందులో స్కూల్ అసిస్టెంట్లు 2,629, భాషాపండితులు 727, సెకండరీ గ్రేడు ఉపాధ్యాయులు 6,508, వ్యాయామోపాధ్యాయులు 182, మిగిలిన 1,016 ప్రత్యేకావసరాల పిల్లలకు చెప్పేవారు. క్రాఫ్టు టీచరు కాలమ్ లేదు, డ్రాయింగు టీచరు కాలమ్ లేదు. గొల్లభామ చీర నేసే జిల్లాతో సహా రాష్ట్రమంతటికీ కలిపి సున్న. విద్యాశాఖ ఉపన్యాసాలను నేను ఈ సున్న పక్కన పెట్టి చదువుకుంటాను.

ఉపాధ్యాయుడు లేనిచోట యంత్రాలు వస్తున్నవి. 2016లో ఆరంభమైన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం క్రింద ఎంపికైన ఒక్కొక్క బడికి ఇరవై లక్షల రూపాయల వరకు సహాయం. 2025 కేంద్ర బడ్జెట్టులో ప్రభుత్వ పాఠశాలల్లో అయిదేళ్లలో మరి 50,000 ల్యాబులన్నారు. యంత్రాలు వద్దని ఏ అభ్యుదయవాదీ అనడు. త్రీడీ ప్రింటరు పేదపిల్లల చేతికి రావటం మంచిదే. అయితే దాన్ని నేర్పేవాని ఉద్యోగం ఏది? ఆ గదిలో నేర్చినదానికి పదవ తరగతి పరీక్షలో స్థానం ఏది? ఆ రెండూ లేనిచోట ఆ గది పైఅధికారి వచ్చిన రోజున తెరిచే పూజగది అవుతుంది.

ఇక్కడ నా మిత్రులు కొందరు అడ్డుతగులుతారని నాకు తెలుసు. 'వృత్తివిద్య అంటేనే పేదవాని బిడ్డను కూలివానిగానే ఉంచే కుట్ర. పెద్దింటి పిల్లలు ఐఐటీకి, మన పిల్లలు ఐటీఐకా? మనం పోరాడవలసినది అందరికీ ఒకే చదువుకోసం' అంటారు. ఈ భయం ఊరికే పుట్టలేదు. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారి గ్రామీణ ప్రాథమిక బడులలో ఒకపూట చదువు, రెండవపూట ఇంటి వృత్తి అనే పథకం ప్రవేశపెట్టాడు. పథకం మొదలైన ఆ వేసవినాటికి ఆంధ్ర జిల్లాలు ఇంకా ఆ రాష్ట్రంలోనే ఉన్నవి. పెరియార్, ద్రవిడ ఉద్యమం దాన్ని కులవిద్యా పథకం అని సరిగానే పిలిచారు. 1954లో రాజగోపాలాచారి గద్దె దిగాక కామరాజు ప్రభుత్వం దాన్ని రద్దుచేసింది. 2023 సెప్టెంబరులో కేంద్రం ఆరంభించిన విశ్వకర్మ పథకం పద్దెనిమిది సంప్రదాయ వృత్తులను 'గురుశిష్య పరంపర' అని కీర్తిస్తూ తరంనుంచి తరానికి కుటుంబంలోనే అందించాలంటున్నది. మంగలి కొడుకు మంగలి, కుమ్మరి కొడుకు కుమ్మరి. పరంపర అన్న మాటకు పట్టుబట్ట కట్టినంత మాత్రాన అది కులం కాకుండా పోదు. ఈ రెండింటినీ వ్యతిరేకించటం మన బాధ్యత. ఆ విషయంలో మిత్రులతో నాకు ఏ పేచీ లేదు.

పేచీ ఆ తర్వాతి మెట్టు దగ్గర వస్తున్నది. కులవృత్తిని బడిలోకి రానీయకూడదు కనుక శ్రమనే బడిలోకి రానీయకూడదని అనటం ఎక్కడి తర్కం? రాజగోపాలాచారి పథకంలోని దుర్మార్గం పిల్లలచేత పనిచేయించటంలో కాదు, ఎవరి బిడ్డచేత ఏ పని చేయించాలో పుట్టుకతోనే నిర్ణయించటంలో ఉన్నది. పూజారి కొడుకు మగ్గం ఎక్కనవసరం లేకపోవటంలో ఉన్నది. శ్రమను బడినుంచి వెలివేస్తే కులం ఓడిపోదు. బడిలో రాతగాళ్ల కులమే మిగులుతుంది, మిగతావాళ్లందరూ ఆ కులంలోకి మారటానికి పోటీపరీక్ష రాయవలసివస్తుంది. కంచ ఐలయ్య 2007లో పిల్లలకోసం శ్రమగౌరవాన్ని గురించి ఒక పుస్తకం రాశాడు. కుమ్మరులూ, చర్మకారులూ, రజకులూ ఈ దేశపు శాస్త్రవిజ్ఞానానికి పునాదులు వేసినవారని అందులో వాదించాడు. ఆ మాటను సభల్లో చప్పట్లు కొట్టి ఆమోదిస్తాం. బడిలో మాత్రం దానికి ఒక్క మార్కు అడగం.

మార్క్సు ఈ విషయంలో మనవాళ్లకంటె తేటగా ఉన్నాడు. 1866లో జెనీవా మహాసభకు వెళ్లే ప్రతినిధులకు రాసిన సూచనలలో ఆయన విద్యను మూడు భాగాలుగా చెప్పాడు: బుద్ధి వికాసం, శరీర వ్యాయామం, ఉత్పత్తిప్రక్రియల మూలసూత్రాలనూ పనిముట్ల వాడకాన్నీ నేర్పే సాంకేతిక శిక్షణ. ఇందులో ఒక వృత్తిని నేర్పి ఒక యంత్రానికి కట్టిపడవేయటం లేదు. ఉత్పత్తి అంతా ఎట్లా నడుస్తున్నదో తెలిసిన మనిషిని తయారుచేయటం ఉన్నది. క్రూప్‌స్కాయా విప్లవానంతర రష్యాలో 'పాలిటెక్నికల్' విద్య అని వాదించినది దీనికోసమే. మకరెంకో నడిపిన జెర్జిన్‌స్కీ కమ్యూనులో ఒకనాటి వీధిబాలురు విద్యుత్ డ్రిల్లులూ, ఫెడ్ కెమెరాలూ తయారుచేశారు. ఆ మార్గంలో ఎదురుదెబ్బలూ ఉన్నవి. 1958లో కృశ్చేవ్ బడినీ కర్మాగారాన్నీ జోడించాలని పెద్ద సంస్కరణ తెచ్చాడు. పిల్లలకు నేర్పేందుకు తగిన స్థలమూ, సిబ్బందీ కర్మాగారాలలో చాలక, తల్లిదండ్రుల అయిష్టం తోడై, 1964 నాటికి అది వెనక్కు పోయింది. ఫ్యాక్టరీ గేటు దాటించినంతమాత్రాన విద్య కాదు. ఆ పనిలో ఆలోచన ఎవరిది అన్నదే గీటురాయి.

ఈ గీటురాయి మీద మన 'నైపుణ్య శిక్షణ'ను రుద్దిచూడండి. కంపెనీ గీసిన నమూనాను కంపెనీ చెప్పిన వేగంతో చేయగలిగినవానికి సర్టిఫికెట్టు. ఆ నమూనా ఎందుకట్లా ఉన్నది, మరో విధంగా ఎందుకు ఉండకూడదు అన్న ప్రశ్న ఆ కోర్సులో లేదు. చెయ్యి ఒకనిది, ఆలోచన మరొకనిది. దీనికి భిన్నంగా, ఆలోచనా చెయ్యీ ఒకే మనిషిలో కలిస్తే ఏమవుతుందో తెలియాలంటే విదేశాలు పోనక్కరలేదు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం ఉన్నాడు. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పని చేసిచేసి తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడటం చూశాడు. ఇంటి పరిస్థితులవల్ల చిన్నప్పుడే బడి మానినవాడు. 1992లో మొదలుపెట్టి, చేసి, విప్పి, మళ్లీ చేసి, ఏడేళ్లకు 1999లో ఆసుయంత్రాన్ని నడిపించాడు. దానికి తల్లి పేరు పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమా అయింది.

ప్రభుత్వమూ పత్రికలూ ఈ కథను 'పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యం' అని చెబుతున్నవి. నేను మరో ప్రశ్న అడుగుతున్నాను. ఆ ఏడేళ్లలో ఆరో ఏట ఆయన మన బడికి వచ్చి, సగం నడిచి ఆగిపోయే ఆ యంత్రాన్ని బల్లమీద పెట్టి ఉంటే మన మూల్యాంకన పట్టిక ఎన్ని మార్కులు వేసేది? ఎక్కడ మార్కు వేసేది? అవసరాన్ని గుర్తించటం ఒక విద్య, చెయ్యి కదలికను యంత్రపు కదలికగా విడగొట్టడం ఒక విద్య, ఓటమికి కారణం కనిపెట్టడం అన్నిటికంటె పెద్ద విద్య. మన పట్టికలో వీటిలో ఒక్కదానికీ గడి లేదు. ఆ గడులు లేనందువల్ల ఎందరు మల్లేశాలు ఆరో ఏటనో, ఒకటో ఏటనో ఆగిపోయారో లెక్క కట్టేవాడెవడు?

'చేతిపనిని కొలవటం సాధ్యం కాదు, అందుకే మార్కులు లేవు' అనే పరీక్షాశాఖ వాదం ఇక్కడ ముందుకు వస్తుంది. ఇది అబద్ధం. ఇంగ్లండులో 1990లో 'రూపకల్పన, సాంకేతికత' జాతీయ పాఠ్యప్రణాళికలో ఒక విషయంగా చేరింది. అంతకుముందే 1980లలో లండను గోల్డ్‌స్మిత్స్ కళాశాలలో రిచర్డ్ కింబెల్ బృందం వేలమంది పిల్లలకు సమస్యలిచ్చి, తలలోని ఊహ కాగితం మీదికీ, కాగితం మీదిది వస్తువులోకీ, వస్తువు మళ్లీ ఊహలోకీ ఎట్లా తిరుగుతున్నదో గమనించి, దాన్ని మదింపు వేసే పద్ధతులు కనిపెట్టింది. నేటికీ అక్కడి పదహారేళ్లవారి పరీక్షలో ఆ విషయానికి సగం మార్కులు విద్యార్థి స్వయంగా చేసిన రూపకల్పనకే. మన దేశంలోనే ముంబయి హోమీ భాభా విజ్ఞానశాస్త్ర విద్యాకేంద్రం పరిశోధకులు పట్టణ, గ్రామీణ పిల్లలచేత సంచులూ, గాలిమరల నమూనాలూ, ఆడించే బొమ్మలూ రూపకల్పన చేయించి, వారి గీతలనూ చర్చలనూ అధ్యయనం చేశారు. మహారాష్ట్రలోని పాబల్‌లో 1983లో కల్‌బాగ్ స్థాపించిన విజ్ఞానాశ్రమం ఎనిమిది నుంచి పది తరగతులకు మౌలిక సాంకేతికతను బోర్డు గుర్తించిన విషయంగానే నడిపించింది.

ఇంగ్లండు నేర్పే పాఠం మరొకటి కూడా ఉన్నది. 2004లో ఆ విషయం పై తరగతులకు తప్పనిసరి కాకుండాపోయింది. 2010లో బడుల గొప్పను కొలిచే ప్రభుత్వపు లెక్కలో దానికి చోటివ్వలేదు. ఆ తర్వాత దాన్ని తీసుకునే విద్యార్థుల సంఖ్య విపరీతంగా పడిపోయింది. అంత పారిశ్రామిక దేశంలో, అన్ని వర్క్‌షాపులున్న బడులలో, లెక్కలోనుంచి తీసేసిన విద్య నిలవలేకపోయింది. 'మార్కులు సృజనను చంపుతాయి, పిల్లలను స్వేచ్ఛగా చేయనివ్వండి' అని ఉదాత్తంగా మాట్లాడే మిత్రులు ఈ సంగతి ఆలోచించాలి. మార్కులు లేని లోకాన్ని నేనూ కోరుకుంటాను. కాని అది వచ్చేదాకా, రాతకు మార్కులుంచి చేతికి స్వేచ్ఛనిస్తే, ఆ స్వేచ్ఛ ఆకలితో చచ్చే స్వేచ్ఛే.

అయితే ఎట్లా కొలవాలి? నా ప్రతిపాదనలు ఇవి.

మొదటిది, సమస్య పిల్లల బతుకులోనుంచి రావాలి. మధ్యాహ్న భోజనం వండే అమ్మ కళ్లలో పొగ పడుతున్నది. పొయ్యిని ఏం చేయాలి? రెండువందల కంచాలు కడిగిన నీళ్లు బడి వాకిట్లో నిలుస్తున్నవి; ఎటు మళ్లించాలి? గుంటమగ్గం గుంటలోకి వానకాలం చెమ్మ ఊరుతున్నది. బీడీలు చుట్టే తల్లికి సాయంత్రానికి నడుము పట్టేస్తున్నది. ఏ పీట మీద ఎట్లా కూర్చుంటే మేలు? వీటికి స్టేషనరీ దుకాణంలో జవాబులు అమ్మరు.

రెండవది, మార్కులు చేసిన వస్తువుకు మాత్రమే కాక చేసిన దారికి వేయాలి. ప్రతి విద్యార్థికీ ఒక పనిపుస్తకం ఉండాలి. ఎవరిని అడిగాడు, ఏం కొలిచాడు, ఎన్ని దారులు గీసుకున్నాడు, ఏది ఎందుకు వదిలేశాడు, వాడేవారు ఏమన్నారు, ఎక్కడ విరిగింది, ఎందుకు విరిగింది. విరిగిన కారణం సరిగా చెప్పగలిగినవానికి విరగనిదాన్ని కొనితెచ్చినవానికంటె ఎక్కువ మార్కులు రావాలి.

మూడవది, సామాను ప్రభుత్వం ఇవ్వాలి; అందరికీ ఒకే సామాను. బయటినుంచి కొన్నది చేరితే దానికి మార్కు లేదు. అప్పుడుగాని కొనుగోలు శక్తి ప్రతిభ వేషం వేసుకోవటం ఆగదు.

నాలుగవది, పక్షపాతాన్ని గురించిన భయానికి జవాబు ఉన్నది. 1927లోనే థర్‌స్టన్ అనే మనశ్శాస్త్రవేత్త చూపించాడు: ఒక వస్తువుకు విడిగా మార్కు వేయటంలో మనుషులు తడబడతారుగాని, రెండింటిని పక్కపక్కన పెట్టి ఏది మేలు అంటే నిలకడగా చెప్పగలరు. అనేకమంది చేసిన అటువంటి జంట తీర్పులను కలిపితే నమ్మదగిన వరుస ఏర్పడుతుంది. గోల్డ్‌స్మిత్స్ బృందమే ఈ పద్ధతిని తర్వాత పిల్లల పనుల మీద వాడిచూసింది. సిద్దిపేట బడుల పనిపుస్తకాలను పేరూ, బడీ కనబడకుండా దుబ్బాక, గజ్వేల్, హుస్నాబాదు ఉపాధ్యాయుల ముందు జంటలు జంటలుగా పెట్టవచ్చు. రాతపరీక్ష జవాబుపత్రాలను జిల్లాలు దాటించి దిద్దించగలిగిన శాఖకు ఇది అసాధ్యమా?

అయిదవది, పూర్తికాలపు పని ఉపాధ్యాయుడు ప్రతి ఉన్నత పాఠశాలకూ కావాలి. అతనితోబాటు నేతగాళ్లనూ, నకాషీ చిత్రకారులనూ, మెకానిక్కులనూ గౌరవవేతనంతో కాక అసలైన వేతనంతో బోధకులుగా పిలవాలి. శాలువా కప్పి పంపించే సంస్కృతి చాలు.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఏ బిడ్డకూ తన ఇంటి వృత్తి తన పనిగా రాకూడదు. నూలు, కర్ర, లోహం, మట్టి, విద్యుత్తు, అన్నిటి గుండా అందరూ పోవాలి. డాక్టరు కూతురు పడుగు పెట్టాలి, సాలె పిల్లవాడు మోటారు విప్పాలి, ఆడపిల్లకు రంపం, మగపిల్లవానికి సూది. తయారైన వస్తువు అమ్మకానికి పోకూడదు. బడి తన ఖర్చు తానే సంపాదించుకోవాలన్న వార్ధా ఆలోచనలోని ప్రమాదాన్ని ఆనాడే గుర్తించారు. ఆర్థిక దృష్టి పెరిగితే విద్యాలక్ష్యం బలి అవుతుందని జాకీర్ హుసేన్ సంఘమే హెచ్చరించింది. పిల్లల శ్రమను లాభానికి వాడుకునే ఏ ఒప్పందాన్నీ, ఏ కంపెనీ 'భాగస్వామ్యాన్నీ' మనం బడి గేటు లోపలికి రానీయగూడదు.

దీనికి డబ్బెక్కడిది అంటారు. ఒక్కొక్క ల్యాబుకు ఇరవై లక్షలు ఎక్కడినుంచి వచ్చినవో అక్కడినుంచే. తల్లిదండ్రులు ఒప్పుకోరంటారు. కార్పొరేటు కళాశాల ర్యాంకు ప్రకటనలకు భయపడ్డ తల్లిదండ్రులు మార్కులున్న దేన్నయినా ఒప్పుకుంటారు; ఇన్నాళ్లూ మార్కులు లేనందువల్లనే ఒప్పుకోలేదు. పై తరగతుల ప్రవేశపరీక్షలు దీన్ని లెక్కించవంటారు. లెక్కించేటట్లు చేయటమే పోరాటం.

ఉపాధ్యాయ సంఘాల కోర్కెల పత్రాలలో వేతన సవరణ ఉన్నది, పదోన్నతులు ఉన్నవి, పాత పింఛను ఉన్నది. ఉండవలసినవే. విద్యార్థి సంఘాల కోర్కెలలో ఫీజు బకాయిలున్నవి, హాస్టలు భోజనం ఉన్నది. అవీ ఉండవలసినవే. వాటి పక్కన ఒక్క వాక్యం చేర్చమని అడుగుతున్నాను: ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక పనిగది, ఒక పూర్తికాలపు పని ఉపాధ్యాయుడు, పదవ తరగతి పరీక్షలో రూపకల్పనకూ పనికీ నూరు మార్కుల పత్రం. ఆ వాక్యం రాయటానికి మనం వెనకాడితే, శ్రామికవర్గం గురించి మన పత్రికలలో రాసే వ్యాసాలన్నీ మెరుపు అక్షరాలలోకే చేరుతాయి.